పేదల గురించి చదివితే పేదగానే ఉండిపోతుందా?

గుంటూరు వైపు నుంచి ఒక తండ్రి రాసిన మెసేజ్ ఇది, క్లుప్తంగా చెప్తా. పాప డిగ్రీలో ఎకనామిక్స్, మ్యాథ్స్, స్టాట్స్, ఇప్పుడు ఫైనల్ ఇయర్. పేద దేశాల్లో అందరికీ అందే ఎదుగుదల ఎలా వస్తుందో చదువుతా, ఇక్కడే ఎంఏ చేస్తా అంటోంది. కన్సల్టెన్సీ వాళ్ళేమో యూకేలో ఏడాది సస్టైనబిలిటీ ఎమ్మెస్సీ చేయించండి, ఈఎస్‌జీ (కంపెనీలు పర్యావరణం, సమాజం, పాలన విషయాల్లో ఎలా నడుస్తున్నాయో లెక్కగట్టే పని) ఉద్యోగాలు బోలెడున్నాయి అన్నారట. దానికి ఈయన పొలం తాకట్టు పెట్టడానికి కూడా రెడీ. "రెండిట్లో ఏది బెటరో కంపేర్ చేసి చెప్పండి, పేదరికం గురించి చదివితే రేపు జీతం ఎవరిస్తారు సార్" అని అడిగారు.

సార్, మీరు అడిగింది కోర్సుల గురించే గానీ మీ భయం వేరు. పాప సేవ అంటూ ఊళ్ళు తిరిగి సెటిల్ అవ్వకుండా పోతుందేమో, చుట్టాలడిగితే ఏం చెప్పాలి అని. ప్రతి ఏడాదీ ఈ టైంకి నాకు ఇవే మెసేజ్‌లు వస్తాయి. ముందు ఒకటి తెలుసుకోండి, ఈ చదువులో దయ కన్నా లెక్క ఎక్కువ. ఆదాయం పెరిగిందంటే ఎవరికి పెరిగింది, పదేళ్ళ తర్వాత కూడా నిలబడుతుందా అని పట్టిపట్టి అడిగే చదువు ఇది.

మన దగ్గర జరిగిందే చూడండి. 2010 నాటికి మైక్రోఫైనాన్స్ కంపెనీలకి (పేదలకి చిన్న చిన్న అప్పులిచ్చేవి) ఉమ్మడి ఆంధ్రప్రదేశే దేశంలో అతిపెద్ద మార్కెట్, వసూళ్ళు నూటికి నూరుకి దగ్గరగా ఉన్నాయని రిపోర్టుల్లో రాసుకునేవాళ్ళు. ఆ రిపోర్టుల్లో కనబడనిదేంటంటే ఒకే ఆడమనిషి పేరు మీద మూడు నాలుగు కంపెనీల అప్పులు, ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకోటి తీసుకోవడం, ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్ళే ఇంటి ముందుకొచ్చి కూర్చోవడం, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆ ఏడాది అక్టోబర్లో ప్రభుత్వం ఆ కంపెనీల్ని కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, ఆ దెబ్బకి వసూళ్ళు కుప్పకూలాయి. బంగ్లాదేశ్‌లో బట్టల ఎగుమతులు దూసుకుపోతున్నాయని అందరూ మెచ్చుకుంటున్న రోజుల్లోనే 2013 ఏప్రిల్ 24న బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా బిల్డింగ్ కూలి 1,100 మందికి పైగా పోయారు, గోడల్లో పగుళ్ళు ముందు రోజే కనబడినా కార్మికుల్ని లోపలికి పంపారు.

పొదుపు సంఘం మినిట్స్ బుక్ ఎప్పుడైనా తెరిచి చూశారా? ఒక లైన్లో గేదెకి అప్పు, దాని కింద పిల్లాడి కాలేజీ ఫీజుకి, ఇంకో లైన్లో ఆస్పత్రికి. గేదె అప్పు పాలు పోసి తీరుస్తారు, ఆస్పత్రి అప్పు తీరాలంటే కూలి డబ్బులే గతి. బ్యాంకు లెక్కలో మాత్రం అన్నీ ఒకటే, లోన్ ఇచ్చాం అంతే. ఆ తేడా పట్టుకుని, డేటాలో పెట్టి, పై ఆఫీసర్‌కి అర్థమయ్యేలా చూపించగలిగే మనుషులు తక్కువ, అలాంటివాళ్ళకి పని దొరుకుతుంది.

ఇక ఈఎస్‌జీ. డిమాండ్ అబద్ధం కాదు, షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి సస్టైనబిలిటీ రిపోర్ట్ తప్పనిసరి చేసింది. కానీ కింది స్థాయిలో ఆ పనేంటంటే ఫ్యాక్టరీల నుంచి కరెంటు బిల్లులు, డీజిల్, నీళ్ళ లెక్కలు తెప్పించుకుని ఫారాలు నింపడం, దానికి కంపెనీలు ఇంజినీర్లనీ సీఏలనీ ముందు చూస్తాయి. పైగా యూకేలో చదువయ్యాక ఇచ్చే రెండేళ్ళ వీసాని 2027 జనవరి నుంచి 18 నెలలకి తగ్గిస్తున్నారు. ఏడాది కోర్సు, నెత్తిన అప్పు, చేతిలో ఏడాదిన్నర టైం, నాకైతే ఈ దారి మీద నమ్మకం లేదు.

కోపం తెచ్చుకోకండి గానీ, పాప స్టాట్స్‌లో ఎలా చేస్తోందో ఒక్క ముక్క రాయలేదు మీరు, కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పింది మాత్రం పేజీ నిండా రాశారు. వాళ్ళకి యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుంది సార్, మీకు వచ్చేది ఈఎంఐ.

ఎంఏ విషయంలో పాపకి ఒక మాట. పట్టా మీద ఎకనామిక్స్ అనే పేరుండేలా చూసుకోమనండి, యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ (కేంద్ర ప్రభుత్వంలో ఎకనామిస్టు ఉద్యోగాలు) పరీక్షకి అది కావాలి, ఉత్త డెవలప్‌మెంట్ స్టడీస్ అంటే అక్కడ తలుపు మూసుకుంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, తిరువనంతపురంలో సీడీఎస్ (సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్) ఉంది, అక్కడ ఎంఏ ఎకనామిక్స్‌లోనే, ఫీజులకి పొలం దాకా వెళ్ళక్కర్లేదు. తర్వాత ఉద్యోగానికి నాబార్డ్ (గ్రామీణ, వ్యవసాయ రుణాలు చూసే బ్యాంకు), ఆర్‌బీఐ, రీసెర్చ్ సంస్థలు, ఏపీ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ లాంటివి ఉన్నాయి (వీళ్ళ ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ ప్రైజ్ అనే అంతర్జాతీయ అవార్డు వచ్చింది). మొదటి జీతం సాఫ్ట్‌వేర్ పిల్లల కన్నా తక్కువే ఉంటుంది, అది దాచను. విదేశీ గ్రాంట్ల మీదే నడిచే సంస్థని ఒక్కదాన్నే నమ్ముకోవద్దని కూడా చెప్పండి, 2025 జులైలో అమెరికా ప్రభుత్వ సాయం ఇచ్చే యూఎస్‌ఎయిడ్ మూతపడేసరికి ఎన్నో దేశాల్లో ప్రాజెక్టులు ఆగిపోయాయి. మంచి లెక్కలొచ్చిన పిల్ల రోడ్డున పడదు సార్, ఆ దిగులు వదిలేయండి.

పరీక్షలయ్యాక మీ మండల సమాఖ్య (పొదుపు సంఘాలన్నీ కలిసిన మండల సంఘం) ఆఫీసుకి మీరే వెంటబెట్టుకెళ్ళి, ఒక నెల సంఘాల పుస్తకాలు చూస్తూ పని నేర్చుకోనిస్తారా అని అక్కడి ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) గారిని అడగండి. ఎండలో ఊళ్ళు తిరిగాక కూడా ఇదే చేస్తానంటే ఎంఏలో చేర్పించండి, వద్దంటే మళ్ళీ రాయండి, అప్పుడు వేరే దారులు చూద్దాం.