యూత్ క్లాసు చెప్పే మా బిడ్డకు నాలుగు మాటలు

బిడ్డా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. యూత్ క్లాసు నీకు అప్పజెప్పిన మొదటి ఆదివారమే ఆ ఇంటర్ పిల్లగాడు లేచి, "అక్కా, బైబిల్లో ఒక్క తప్పు లేదంటరు గదా, మరి లేవీయకాండంలో కుందేలు నెమరేస్తదని ఎందుకుంది" అని అడిగాడంటే నాకు నవ్వొచ్చింది, నీకేమో టెన్షన్ వచ్చింది. టెన్షన్ పడకు. అడిగేవాడు పోయేవాడు కాదు, పోయేవాడు అడగడు, ఊరికే రావడం మానేస్తాడు. వాడికి "విశ్వాసంతో నమ్మాలి, ప్రశ్నలు వేయొద్దు" అని మాత్రం చెప్పకు. మా తరంలో పెద్దలు చాలామంది అదే చెప్పారు, ఆ పిల్లలు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూ క్రిస్మస్‌కు మాత్రం మందిరానికి వస్తున్నారు.

జవాబు వెంటనే చెప్పాలనే తొందర కూడా వద్దు. "వచ్చే వారం అందరం ఆ అధ్యాయం మొత్తం చదువుకొని వద్దాం" అను. ఒక్క వచనం పట్టుకుని వాదిస్తే వాడూ ఓడడు, నువ్వూ ఓడవు. అధ్యాయం మొత్తం చదివితే అది జంతుశాస్త్రం పాఠం కాదనీ, ఏది తినొచ్చు ఏది తినకూడదని ఇశ్రాయేలీయులకు చెప్పిన కట్టడ అనీ వాడికే తెలుస్తుంది. కుందేలు నిజానికి నెమరేయదు, కానీ దవడ ఎప్పుడూ ఆడిస్తూనే ఉంటుంది, చూసేవాళ్ళకు నెమరేసినట్టే ఉంటుంది, ఎడారిలో నడిచే జనానికి కంటికి కనిపించే గుర్తు కావాలి గానీ కడుపు కోసి చూపిస్తే లాభమేంది. కుందేలు తన మెత్తటి పెంటికలు తానే తిని రెండోసారి అరిగించుకుంటుంది కాబట్టి అదీ నెమరే అని కొందరు వాదిస్తారు. కుందేలు అలా తినే మాట నిజమే, కానీ దాని మీద వాదన నిలబెట్టడం నాకు నచ్చదు, అంత మెలికలు తిరగాల్సిన అవసరం లేదక్కడ.

నువ్వు ముందు చేయాల్సింది "బైబిల్ దోషరహితం" అన్న మాటను ఎవరు ఏ అర్థంలో అన్నారో చదవడం. కూటాల్లో మైకు పట్టుకుని ఆ మాట గట్టిగా అనేవాళ్ళు చాలామంది దాన్ని చదివినట్టు నాకు అనిపించదు. 1978లో అమెరికాలోని చికాగోలో ఇవాంజెలికల్ పండితులు, పాస్టర్లు కూడి ఒక ప్రకటన రాశారు, ఇనెరెన్సీ (బైబిల్లో తప్పు లేదనే సిద్ధాంతం) అనగానే ఇప్పటికీ ఎక్కువమంది చూపించేది దాన్నే. అందులో 13వ అంశం తీసి చూడు. ఏవి తప్పుల కింద లెక్కకు రావో వాళ్ళే రాసుకున్నారు: ఈ కాలపు సాంకేతిక కచ్చితత్వం లేకపోవడం, ప్రకృతిని కంటికి కనిపించినట్టు వర్ణించడం, సుమారు లెక్కలు, అతిశయోక్తులు, ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా ఎంచుకుని చెప్పడం. కాబట్టి సూర్యుడు ఉదయిస్తాడు, అస్తమిస్తాడు అని ప్రసంగి గ్రంథం అంటే, ఆవగింజ విత్తనాలన్నిటిలో చిన్నదని ప్రభువు అంటే, సొలొమోను చేయించిన పోత సముద్రం (మందిరంలో నీళ్ళకు పెట్టిన పెద్ద ఇత్తడి తొట్టి) అడ్డం పది మూరలు, చుట్టుకొలత ముప్పై మూరలు అని రాజుల గ్రంథం అంటే (నీ ఇంటర్ పిల్లగాడు క్యాలిక్యులేటర్ తీసి పదిని 3.14తో గుణించి 31.4 రావాలంటాడు చూడు), ఈ సిద్ధాంతాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నవాళ్ళే వాటిని తప్పులు అనరు. అదే ప్రకటన 12వ అంశంలో, సృష్టి గురించీ జలప్రళయం గురించీ లేఖనం చెప్పేదాన్ని సైన్స్ ఊహలతో కొట్టేయకూడదని కూడా ఉంది, అది పిల్లల దగ్గర దాచకు. అయితే లేఖనం అక్కడ ఏం చెప్తోంది అన్నదే కదా అసలు ప్రశ్న. దాన్ని పక్కనబెట్టి జవాబుతో మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ.

ఇంకోటి, ఆ ప్రకటన మూల ప్రతుల గురించే మాట్లాడుతుంది, మన చేతిలో ఉన్నవి చేత్తో రాసుకుంటూ వచ్చిన నకళ్ళ నుంచి వచ్చినవి. 1 రాజులు 4:26లో సొలొమోను గుర్రపుశాలలు నలభై వేలు, 2 దినవృత్తాంతములు 9:25లో నాలుగు వేలు. రెండు పేజీలూ పిల్లల ముందు నువ్వే తెరిచి పెట్టు. యూట్యూబ్‌లో ఎవడో చూపించేకంటే అక్కనే చూపించిందంటే వాళ్ళకు ధైర్యం వస్తుంది. నకలు రాసేవాళ్ళ చేతిలో అంకె జారి ఉండొచ్చని పండితులు అంటారు, అంతకుమించి సాగదీయకు. పోతే క్రైస్తవులందరూ ఈ ఇనెరెన్సీ అనే మాటనే వాడరు. ఫాతిమానగర్ కేథడ్రల్‌కు వెళ్ళే నీ ఫ్రెండ్స్‌ను అడుగు, కేథలిక్ సభ 1965లో రెండో వాటికన్ మహాసభలో చెప్పింది, మన రక్షణ కోసం దేవుడు లేఖనాల్లో ఉంచాలనుకున్న సత్యాన్ని అవి తప్పు లేకుండా బోధిస్తాయి అని. పౌలు తిమోతికి రాసిందీ అదే దారిలో ఉంది: దైవావేశము వలన కలిగిన ప్రతి లేఖనము ఉపదేశించుటకు, ఖండించుటకు, తప్పు దిద్దుటకు, నీతియందు శిక్ష చేయుటకు ప్రయోజనకరము. ఏ పనికి ఇచ్చారో ఆ పనికి వాడుకోమనే కదా దానర్థం.

ఇక ఆదికాండం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే నా ఉద్యోగమంతా భూపాలపల్లి గనుల్లోనే గడిచింది, సర్వేయర్‌గా. బొగ్గు పొర మీద పైకప్పులా పరుచుకుని ఉండే నల్లటి పలక రాయిని మెల్లగా విడదీస్తే అప్పుడప్పుడు ఆకు అచ్చు దొరికేది, నాలుకలా పొడుగ్గా, మధ్యలో లావుపాటి ఈనె, దానికి రెండువైపులా వల అల్లినట్టు సన్న గీతలు. క్యాప్‌ల్యాంప్ వెలుగు ఏటవాలుగా వేస్తే ఆ వల ఇంకా బాగా తేలేది. గ్లాసోప్టెరిస్ అంటారు. ఆ చెట్టు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. అదే ఆకు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో దొరుకుతుంది, 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం దగ్గర ఉన్న రాళ్ళలో కూడా ఈ ఆకు అచ్చే ఉంది. ఈ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి అది ఒక సాక్ష్యం. మన గోదావరి లోయ బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్ళకు పైమాటే. ఒక బొగ్గు పొర, దాని మీద ఇసుకరాయి, మళ్ళీ బొగ్గు, మళ్ళీ పలక రాయి, ఇలా దొంతరలుగా ఉంటాయి. ఇదంతా ఒక్క ఏడాది జలప్రళయంలో పడిందని ఒక కూటంలో ఒకాయన చెప్తుంటే నా పక్కన కూర్చున్న గని కార్మికుడు నావైపు చూశాడు, ఏమీ అనలేదు. ఆ చూపు మన పిల్లల్లో రాకూడదు.

భూమి వయసు ఆరు వేల ఏళ్ళు అన్న లెక్క బైబిల్లో ఎక్కడా రాసి లేదు బిడ్డా. ఐర్లాండ్‌లో అషర్ అనే ఆర్చిబిషప్ వంశావళులు, రాజుల ఏలుబడులు లెక్కగట్టి సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని 1650లో ప్రచురించాడు, తర్వాత ఇంగ్లీషు బైబిళ్ళ అంచుల్లో ఆ సంవత్సరాలు అచ్చు వేశారు, అంచులో ఉన్నది క్రమంగా లోపలికి వచ్చి కూర్చుంది. ఆయన గొప్ప పండితుడే, కష్టపడ్డాడు, అయినా ఆ లెక్క ఆయనది. మరోపక్క, మొదటి రోజు వెలుగు ఉండి నాలుగో రోజు సూర్యుడు రావడం ఏమిటని అడగడానికి డార్విన్ పుట్టాల్సిన పనిలేకపోయింది. తొలినాటి సభ గొప్ప బోధకుడు అగస్టీను అయిదో శతాబ్దం తొలినాళ్ళలోనే ఆ దినాలు మనకు తెలిసిన దినాలేనా అని తల బద్దలు కొట్టుకున్నాడు. ఆయనే ఇంకో హెచ్చరిక కూడా చేశాడు: భూమి, ఆకాశం, నక్షత్రాల గురించి అవిశ్వాసికి బాగా తెలిసిన విషయంలో క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి అడ్డదిడ్డంగా మాట్లాడితే, ఇక పునరుత్థానం గురించి మన పుస్తకం చెప్పేది వాళ్ళెలా నమ్ముతారని. ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ సంగతీ చెప్పు పిల్లలకు. 1554లో వచ్చిన ఆదికాండ వ్యాఖ్యానంలో ఆయన, శనిగ్రహం చంద్రుడికంటే పెద్దదని ఖగోళ శాస్త్రజ్ఞులు చెప్తారు, అది నిజమే, మోషే మాత్రం సామాన్యుల కంటికి కనపడేలా రాశాడు, ఆ శాస్త్రాన్ని తప్పుపట్టొద్దు అని రాశాడు.

మరి ఆదికాండం మొదటి అధ్యాయం చెప్పేదేమిటి? మొదటి మూడు రోజుల్లో వెలుగూ చీకటీ, ఆకాశమూ నీళ్ళూ, నేలా వేరు చేయడం, తర్వాతి మూడు రోజుల్లో అదే వరుసలో వాటిని నింపడం. చుట్టుపక్కల జనాలు మొక్కే సూర్యచంద్రులు ఇక్కడ దేవుడు పెట్టిన దీపాలు. రాజు ఒక్కడే కాదు, మట్టి పిసికేవాడూ దేవుని స్వరూపమే. ఈ సంగతులు బొగ్గు వయసుతో మారవు. పిల్లలకు దీన్ని వారాల తరబడి చెప్పు, వయసు గొడవకు ఒక్క వారం చాలు.

ఇప్పుడు నీకు నచ్చని మాట చెప్తా. నువ్వు గ్రూపులో ఫార్వర్డ్ చేస్తావే, "బైబిల్లో ముందే చెప్పిన సైన్స్" అని, యోబు 26:7లో దేవుడు భూమిని శూన్యం మీద వేలాడదీశాడు చూశారా అని, అవి ఆపేయ్. అదే అధ్యాయంలో నాలుగు వచనాలు కిందికి వెళ్తే ఆకాశానికి స్తంభాలున్నాయి, అవి దేవుని గద్దింపుకు అదురుతాయి. పైది సైన్సయితే కిందిదీ సైన్సే కావాలి, కిందిది కవిత్వమైతే పైదీ కవిత్వమే. యెషయా 40:22 కూడా అంతే, గుండ్రటి భూమి దొరికిందని సంబరపడితే అదే వచనంలో ఆకాశం గుడారంలా పరిచి ఉంటుంది. నాసా కంప్యూటర్లకు యెహోషువ కాలంలో సూర్యుడు ఆగడం వల్ల తప్పిపోయిన రోజు దొరికిందన్న కథయితే శుద్ధ అబద్ధం, ఏళ్ళ తరబడి తిరుగుతోంది. వాక్యాన్ని నిలబెట్టడానికి అబద్ధం ఆసరా ఎందుకు? సైన్స్‌ను తిట్టేవాడూ, సైన్స్ సర్టిఫికెట్ కోసం తిరిగేవాడూ ఇద్దరూ బైబిల్‌ను సైన్స్ పుస్తకం చేసినవాళ్ళే.

అలాగని అన్నీ కవిత్వమే, ఏదీ జరగలేదు అనే చోటికి మాత్రం జారొద్దు. ఏ పుస్తకం తన గురించి తాను ఏమని చెప్పుకుంటుందో చూడు. లూకా మొదట్లోనే, అన్నిటినీ మొదటినుంచి తరచి విచారించి రాస్తున్నానంటాడు. పౌలు కొరింథీయులకు రాస్తూ, లేచిన ప్రభువు అయిదు వందలకు పైబడిన సహోదరులకు ఒకేసారి కనబడ్డాడు, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అంటాడు, అంటే పోయి అడుక్కోమనే. "క్రీస్తు లేపబడియుండనియెడల మేము చేయు ప్రకటన వ్యర్థమే" అన్నది కూడా ఆయనే. ఇక్కడ తప్పించుకునే దారి లేదు, ఉండాలని కూడా నేను కోరుకోను. చచ్చినవాళ్ళు మామూలుగా లేవరని, ప్రభువు లేచాడంటే నమ్మని శిష్యుడు తోమాకూ తెలుసు, దానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఇక ఆదాము చరిత్రలో ఒక్క మనిషేనా అని అడుగుతారు, ఒక్క మనిషి ద్వారా పాపం వచ్చిందనే రోమా 5 తీస్తారు. అది నిజంగా కష్టమైన ప్రశ్న, భక్తిగల పండితులే విడిపోయి ఉన్నారు, ఉన్నదున్నట్టు ఆ మాటే చెప్పు. ఇనెరెన్సీకి మూలస్తంభం లాంటి అమెరికా వేదాంత పండితుడు వార్‌ఫీల్డ్ కూడా పరిణామానికి తలుపు మూసేయలేదు. మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) సిద్ధాంతానికి పునాది వేసిన లెమైత్రే కేథలిక్ ఫాదరే. సభ సైన్స్‌కు అడ్డుపడిందనడానికి గెలీలియో కథ పిల్లలే చెప్తారు, చెప్పనీ.

పని మాటకొస్తే, క్లాసు ఆదికాండంతో మొదలుపెట్టకు, లూకాతో మొదలుపెట్టు. ప్రభువు ఎవరో తెలిశాక మొదటి పేజీ చదవడం తేలిక. దసరా సెలవుల్లో పిల్లలను హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకెళ్ళు, అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు మన ప్రాణహిత–గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికినవే. డైనోసార్లు అబద్ధమని విన్నవాడు దాని కాళ్ళ కింద నిలబడి చూడనీ, బస్సులో తిరిగొచ్చేటప్పుడు సృష్టిని చూసి దేవుణ్ణి స్తుతించే 104వ కీర్తన చదివించు.

వెళ్ళే ముందు పాస్టర్ అయ్యగారితో మాట్లాడు. ఆయన ఆరు రోజులు అంటే ఆరు రోజులే అనే మనిషి, కానీ మీ నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రంతా బెంచీ మీద కూర్చున్నది ఆయనే. పిల్లల ముందు ఆయన మాట తీసేయకు, నువ్వు చెప్పబోయేది ముందే ఆయనకు చూపించు, ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చేయి, నేను వచ్చి కూర్చుంటా. ఇంటివాళ్ళ దగ్గర పర్మిషన్ కాగితాలు సంతకాలతో తీసుకో, ఆడపిల్లలు ఉంటే స్త్రీల సమాజం నుంచి ఒకరిని తోడు పిలువు.

మీ పెద్దబాపు
హన్మకొండ