గోడ పగలగొట్టే ముందు సంతకాలు

ప్రశ్న: మాది నలభై ఏళ్ల కిందట నాన్నగారు సొంత సంపాదనతో కట్టించిన రెండంతస్తుల ఇల్లు. మొత్తం పదకొండు గదులు. నాన్నగారు ఆరేళ్ల కిందట విల్లు రాయకుండానే పోయారు. అమ్మతో పాటు నేను, నా భార్య, పిల్లలు ఇక్కడే ఉంటున్నాం. అన్నయ్య విదేశంలో స్థిరపడ్డాడు. అక్క అత్తవారింట్లో ఉంది. లోపలంతా కొత్తగా చేయించాలని ఉంది. హాలుకీ పక్క గదికీ మధ్య గోడ తీసేసి ఒకటి చేయడం, వంటగది, బాత్రూములు, వైరింగు, ఫ్లోరింగు, అన్నీ మార్చాలి. ఖర్చు మొత్తం నాదే. అన్నయ్య ఫోన్లో ‘నీ ఇష్టంరా, చేయించుకో’ అన్నాడు. అక్క ఏమీ అనలేదు గానీ, ‘రేపు వాటాల దగ్గర ఈ లెక్క ఎలా?’ అని బావగారు అడిగారు. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. ఇంటి పన్ను నా పేరు మీదే వస్తోంది. అందరి అనుమతీ తీసుకోవాలా? పెట్టిన డబ్బు పంపకాల్లో నాకు తిరిగి వస్తుందా? కాంట్రాక్టరు సగం డబ్బు అడ్వాన్సుగా అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?

జవాబు: బావగారు గొడవ పెట్టుకోవడానికి అడిగారని అనుకోకండి. మీరు రాసినవాటిలో అసలు ప్రశ్న అదే. ఇప్పుడు, అందరూ బాగున్నప్పుడు అడిగారు కాబట్టి ఒక రకంగా మీకు మేలే చేశారు. ఇదే ప్రశ్న పదేళ్ల తర్వాత లాయరు నోటీసు రూపంలో రావడం నేను చాలాసార్లు చూశాను.

ముందు ఇల్లు ఎవరిదో తేల్చుకుందాం. మీకు హిందూ వారసత్వ చట్టం, 1956 వర్తిస్తుందనుకుని చెబుతున్నాను. విల్లు లేకుండా తండ్రి పోతే, ఆయన స్వార్జితం సెక్షన్ 8 ప్రకారం మొదటి తరగతి వారసులకు సమానంగా వెళ్తుంది. అంటే మీ అమ్మగారు, అన్నయ్య, అక్క, మీరు, తలా నాలుగో వంతు. ఇంటి పన్ను మీ పేరు మీద రావడం వల్ల ఈ లెక్క మారదు. మున్సిపాలిటీకి పన్ను ఎవరు కడతారన్నదే ముఖ్యం, ఆ రసీదు హక్కు పత్రం కాదు. పెళ్లైన ఆడపిల్ల ఇంట్లో వాటా అడగకూడదన్న మాట ఇంకా కొందరి నోట వినిపిస్తుంది. కుటుంబం నివసించే ఇంటిని మగ వారసులు పంచుకునేదాకా ఆడ వారసులు పంపకం కోరకూడదని పాత చట్టంలో సెక్షన్ 23 ఉండేది నిజమే. దాన్ని 2005 సవరణలో తీసేశారు. ఆ సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 9 నుంచే అమల్లో ఉంది కాబట్టి మీ అక్కగారు ఏ రోజు కావాలంటే ఆ రోజు పంపకం కోరవచ్చు.

మీరు రాయని విషయం ఒకటుంది. నాన్నగారు పోయేనాటికి మీ నాయనమ్మ బతికే ఉన్నారా? ఉంటే ఆవిడ కూడా మొదటి తరగతి వారసురాలే. అప్పుడు వాటాలు నాలుగు కాదు, అయిదు. ఆ తర్వాత ఆవిడ విల్లు లేకుండా పోతే ఆ అయిదో వంతు ఆవిడ పిల్లలకు, అంటే మీ బాబాయిలకు, మేనత్తలకు కూడా చీలుతుంది. ఇది ఎవరికీ తట్టదు. ఇల్లు అమ్మబోయే రోజున కొనేవారి లాయరు బయటపెడతాడు. అదే జరిగి ఉంటే వాళ్ల సంతకాలూ కావాలి, ముందే చూసుకోండి.

ఇక అనుమతి సంగతి. ఉమ్మడి ఆస్తిలో ఫలానా గది మీది, ఫలానాది అన్నయ్యది అని ఉండదు. పంచుకునేదాకా ప్రతి ఇటుకలోనూ నలుగురికీ హక్కు ఉంటుంది. లోపల నివసిస్తున్న హక్కుదారుగా కారుతున్న కప్పు బాగుచేయించడం, పాత వైర్లు మార్పించడం, గచ్చు తీసి టైల్స్ వేయించడం లాంటి మామూలు మరమ్మతులకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. గోడ తీసేయడం అలా కాదు, అది ఇంటి రూపాన్నే మార్చడం. మిగతావారి సమ్మతి లేకుండా అలాంటి పని మొదలుపెడితే, వారిలో ఒకరు కోర్టుకెళ్లి పని ఆపమని తాత్కాలిక ఇంజంక్షన్ అడగవచ్చు. కోర్టు ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ఈలోగా సగం పగిలిన గోడ, విప్పేసిన బాత్రూము, రోజువారీ కూలి అడిగే మేస్త్రీ, వీటన్నిటి మధ్య మీ పిల్లలు, మీ అమ్మగారు ఉంటారు. కేసు గెలిచినా మీరు ఓడినట్టే.

అన్నయ్య ‘చేయించుకో’ అన్నారు, మంచిదే. ఆ మాటలో ఉన్నదెంతో చూడండి. చేయించుకోవడానికి అడ్డు చెప్పనన్నారు. ఖర్చులో తన వాటా ఇస్తాననలేదు, పంపకాల్లో మీకు కలిపిస్తాననీ అనలేదు. మౌనంగా ఉన్న అక్కగారు ఆ మాత్రం కూడా చెప్పలేదు. ఫోన్ మాటకు రుజువు ఉండదు కాబట్టి కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకుని, ఆ ఫోన్‌ను, ఆ సందేశాలను పోకుండా చూసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఆ సందేశాల కాపీని కోర్టులో చూపాలంటే దానికి నిర్ణీత సర్టిఫికెట్ జతచేయాలి. ఒట్టి స్క్రీన్‌షాట్ సరిపోదు.

డబ్బు తిరిగి వస్తుందా అన్నదానికి సూటి జవాబు: ఒప్పందం లేకపోతే, వస్తుందని నమ్ముకోవద్దు. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల ఇంకొకరు లాభం అనుభవిస్తే పరిహారం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 70 చెబుతుంది. అవతలి లాయరు వెంటనే అనేదేమిటంటే, ‘ఆయన తన కుటుంబ సౌకర్యం కోసం చేయించుకున్నాడు, ఇన్నేళ్లూ ఆయనే అనుభవించాడు, మా క్లయింటుకు ఏం లాభం?’ ఇందులో న్యాయం లేకపోలేదు. పైగా ఇంటీరియర్ పని విలువ ఏడాదికేడాది తరిగిపోతుంది. ఈరోజు చేయించిన వంటగది అరలకు పదేళ్ల తర్వాత ఎవరు విలువ కడతారు? మీ చేతిలో బిల్లులు ఉంటాయి గానీ, ఇంటి విలువ ఎంత పెరిగిందన్నదే వాదనకు వస్తుంది.

అయితే పంపకాల్లో కోర్టులు న్యాయబుద్ధితో పాటించే పద్ధతి ఒకటుంది. ఒక హక్కుదారు డబ్బు పెట్టి బాగుచేసిన భాగాన్ని, మిగతావారికి నష్టం లేకుండా కుదిరితే, అతని వాటాలోకే వేయడానికి చూస్తాయి. మీ ప్లానులో దీన్ని వాడుకోండి. ఇల్లు రెండంతస్తులు కదా. రేపు పంచుకుంటే మీరు, అమ్మగారు కిందే ఉంటారనుకుంటే, పెద్ద ఖర్చంతా కిందే పెట్టండి. పైఅంతస్తుకు మరమ్మతులు, రంగులు చాలు. వైరింగు, నీళ్ల పైపులు ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి రెండు అంతస్తులకూ వేర్వేరు లైన్లు, వేర్వేరు మీటర్లు పెట్టుకునేలా చేయించండి. మెట్లు హాల్లోంచి వెళ్తుంటే బయటి నుంచి దారి వీలవుతుందేమో ఇంజినీరును అడగండి. నా దృష్టిలో ఇది వంటగది డిజైను కంటే ముఖ్యం. విడదీయడానికి వీల్లేని ఇల్లయితే, సగం లేదా అంతకుమించి వాటా ఉన్నవారు కోరితే పంచకుండా అమ్మి డబ్బు పంచమని విభజన చట్టం, 1893 కింద కోర్టు ఆదేశించవచ్చు. అప్పుడు మీ టైల్స్, మీ సీలింగు అన్నీ అమ్మకం ధరలో కలిసి నాలుగు భాగాలవుతాయి.

ఇప్పుడు కాగితం. మీకు మూడు దారులున్నాయి. అన్నయ్య, అక్క నిజంగానే ఇల్లు మీకు వదిలేయాలనుకుంటే హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయించాలి. రిజిస్టరు కాని విడుదల పత్రానికి కోర్టులో విలువ లేదు. రెండోది, ఇప్పుడే పంచేసుకుని రిజిస్టరు చేసుకోవడం. మూడోది, హక్కుల జోలికి పోకుండా ఈ పని వరకే నలుగురూ రాసుకునే ఒప్పందం. మీరు ఇల్లు కాజేయాలని చూడటం లేదు, బాగుచేయించాలని చూస్తున్నారు కాబట్టి నేను మూడోదే చెబుతాను. మొదటి మాటే ‘విడుదల పత్రం’ అంటే మీ అక్కగారి మౌనం ఇంకోలా మారిపోతుంది.

ఆ ఒప్పందంలో ఏం చేయిస్తున్నారో, ఎంతవుతుందో రాయండి. ఎవరి వాటా ఎంతో, దీనివల్ల అది మారదని స్పష్టంగా రాయండి. బావగారికి కావలసిన భరోసా అదే. తర్వాత మీ ఖర్చు లెక్క. ఏటా పదో వంతు చొప్పున తగ్గించి, పంపకం నాటికి మిగిలినదాన్ని ముందు మీకిచ్చి మిగతాది పంచుకుంటామని రాసుకోవచ్చు. ఆ పదో వంతు నా ఊహ మాత్రమే, మీలో మీరు ఎంతకు ఒప్పుకుంటే అంత. గోడకు బిగించినదంతా ఇంట్లో భాగమైపోతుందని చట్టం చూస్తుంది కాబట్టి, విప్పి పట్టుకెళ్లగలిగే ఏసీలు, అరలు, లైట్లు మీవేనని ఒక జాబితా జతచేయండి. ఒక జాగ్రత్త: ఇందులో ‘కింది అంతస్తు ఇకపై తమ్ముడిదే’ అని ఒక్క ముక్క రాసినా అది హక్కు కల్పించే పత్రమవుతుంది, అప్పుడు రిజిస్టరు చేయించాల్సిందే. గతంలో నోటిమాటగా జరిగిన పంపకాన్ని గుర్తుగా రాసుకునే కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. మీ ఇంట్లో అసలు పంపకమే జరగలేదు కాబట్టి అది మీకు పనికిరాదు.

అన్నయ్య అక్కడి నుంచే సంతకం చేసి పంపవచ్చు. తన తరఫున ఇక్కడ ఎవరికైనా పవరాఫ్ అటార్నీ ఇవ్వాలనుకుంటే, అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఈ గడువు మరిచిపోయి అవస్థ పడేవాళ్లు ఎక్కువ.

అమ్మగారి గురించి మీరు ఒక్క మాటే రాశారు. నాలుగో వంతుకు ఆవిడ పూర్తి యజమాని, తన వాటాను ఎవరికైనా విల్లు రాయగలరు. సంతకం తీసుకునేటప్పుడు చదివి వినిపించండి, ఏ గది కావాలో, బాత్రూము ఎలా ఉండాలో అడగండి. ఆవిడే తన వాటా మీకు రాసిస్తానంటే, బాగోగులు చూసుకోవాలన్న షరతు ఆ పత్రంలో ఉండేలా మీరే చూడండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం, 2007 సెక్షన్ 23 కింద ఆ షరతు ఆవిడకు రక్షణ. అదే పత్రం అక్కగారి కళ్లల్లో మీ మీద అనుమానం లేకుండా కూడా చేస్తుంది.

మున్సిపల్ అనుమతి విషయం త్వరగా చెప్పేస్తాను. రంగులు, ఫ్లోరింగు, అరలు, పైపుల మార్పిడికి మామూలుగా అక్కర్లేదు. బరువు మోసే గోడ తీసినా, ఇల్లు బయటికి పెంచినా, మెట్లు మార్చినా కావాలి. నలభై ఏళ్ల ఇంట్లో స్తంభాలు లేకుండా గోడల మీదే కప్పు నిలిచి ఉండే అవకాశం చాలా ఎక్కువ. మీరు తీయాలనుకుంటున్న గోడ అలాంటిదేనా అన్నది మేస్త్రీ తట్టి చూసి చెప్పే విషయం కాదు. స్ట్రక్చరల్ ఇంజినీరు చేత రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. పైగదులు ఆ గోడ మీద ఉన్నాయేమో చూడకుండా తీస్తే, జరగబోయే నష్టానికి మీరే బాధ్యులు. ఏసీలు, గీజర్లు పెంచుతుంటే విద్యుత్ శాఖకు అదనపు లోడుకు దరఖాస్తు చేయండి.

సగం అడ్వాన్సు ఇవ్వకండి. పాత ఇంటి పనిలో విప్పితే గానీ తెలియని ఖర్చులు తప్పవు. సగం డబ్బు ముందే చేరాక ఆ ‘అదనం’ దగ్గర బేరమాడే బలం మీకు ఉండదు. సామాను తేవడానికి సరిపడా ఇచ్చి, మిగతాది దశలవారీగా, పని చూశాకే, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. చివర్లో కొంత ఆపుకుని, ఒక వానాకాలం గడిచాక, బాత్రూముల్లో చెమ్మ కనబడకపోతే ఇస్తామని రాసుకోండి. డ్రాయింగులు, కంపెనీ పేర్లతో సహా సామాను వివరం ఒప్పందానికి జతచేయండి. అదనపు పని ఏదైనా మీ సంతకం లేకుండా మొదలుపెట్టకూడదు. ఆలస్యానికి రోజుకింత అని రాసుకోవచ్చు గానీ, రాసినంతా వస్తుందనుకోవద్దు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఆ మొత్తానికి మించకుండా, సబబైన పరిహారమే కోర్టు ఇస్తుంది. పనివాళ్లకు ప్రమాద బీమా ఉందని కాంట్రాక్టరు దగ్గర పాలసీ కాపీ తీసుకోండి.

పిల్లలున్నారు కాబట్టి ఇంకో షరతు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. మీ గోడల మీద, తలుపుల మీద ఉన్న పాత పొరల్లో సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దకుండా తడిపి గీకాలని, పని జరిగే గదులను మూసి ఉంచాలని ఒప్పందంలో రాయండి.

పని చెడగొడితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయలలోపైతే అక్కడే. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. పని మొదలుకాకముందే ప్రతి గదినీ తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడా పనికొస్తాయి, పంపకాల నాడూ పనికొస్తాయి. బిల్లులు కూడా అంతే. ఎప్పుడైనా ఇల్లు అమ్మితే, మరమ్మతులు కాకుండా ఇంటిని మెరుగుపరిచిన ఖర్చును పన్ను లెక్కలో చూపుకునే వీలుంటుంది.

ముందు ఇంజినీరు రిపోర్టు తెప్పించండి. గోడ తీయొచ్చో లేదో తెలియకుండా రాసుకున్న ఒప్పందాన్ని మళ్లీ రాయాల్సి వస్తుంది. రిపోర్టు, ఖర్చు అంచనా చేతికొచ్చాక అక్కగారింటికి మీరే స్వయంగా వెళ్లండి. కాగితం బావగారి ముందే పెట్టి, ఆ లెక్క ప్రశ్నకు జవాబు ఇందులో ఉందో లేదో ఆయన్నే చూడమనండి.