స్లింగ్‌షాట్ థ్రాటిల్, ముందు సస్పెన్షన్ మార్పులపై సమాధానం

మీ మూడు చక్రాల బండి పోలారిస్ స్లింగ్‌షాట్‌కు థ్రాటిల్ కంట్రోలర్‌నూ (పెడల్ తొక్కితే ఇంజిన్ ఎంత చురుగ్గా స్పందించాలో మార్చే పరికరం), గట్టి ముందు స్ప్రింగులనూ ఒకేసారి బిగించాక, బయలుదేరేటప్పుడు బండి కుదుపుతోందనీ, వేగం పెరిగితే స్టీరింగ్ అటూ ఇటూ లాగుతోందనీ రాశారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

దయచేసి ముందుగా స్టీరింగ్ సంగతి చూడండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. స్ప్రింగు మారితే బండి ఎత్తు మారుతుంది. ఎత్తు మారితే విష్‌బోన్ ఆర్ముల (చక్రాన్ని బండికి కలిపే చేతుల) కోణంతోపాటు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రాలు పక్కకు వాలి ఉండే కోణం) కూడా మారిపోతాయి కనుక, అలైన్‌మెంట్ (ఈ కోణాల సర్దుబాటు) మళ్లీ చేయించనిదే మీరు చేసిన మార్పు మంచిదో కాదో తేల్చలేము. కొలతలు తీసేటప్పుడు మీ బరువుకు సమానమైన బరువును మీరు కూర్చునే సీట్లో ఉంచండి, ఎందుకంటే ఖాళీ బండిపై తీసిన కొలతలు నడిపేటప్పుడు నిలవవు. షాక్ అబ్జార్బర్లలో రీబౌండ్ (నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని అదుపుచేసే) సర్దుబాటు ఉంటే, గట్టి స్ప్రింగుకు తగినట్టు ఒక్కో క్లిక్కు చొప్పున పెంచి, ప్రతిసారీ నడిపి చూడండి.

కంట్రోలర్ ఇంజిన్ శక్తిని పెంచదు. పెడల్ సెన్సర్ పంపే సంకేతాన్ని మాత్రమే మారుస్తుంది. అందుకే కొద్దిగా తొక్కినా థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే కవాటం) ఎక్కువగా తెరుచుకుని కుదుపు వస్తోంది. కంట్రోలర్‌ను అతి తక్కువ స్థాయికి తగ్గించండి. శక్తినంతా వెనుక ఒక్క చక్రమే రోడ్డుకు అందించే బండి కనుక, తడి రోడ్డుపై కంట్రోలర్‌ను పూర్తిగా ఆపివేయడమే మేలని నా అభిప్రాయం.