ఈత అంతంతమాత్రం, లైఫ్ సేవింగ్ క్లబ్‌లో చేరొచ్చా?

ప్రశ్న: సిడ్నీకి వచ్చి రెండేళ్లయింది. దగ్గర్లోని బీచ్‌లో సర్ఫ్ లైఫ్ సేవింగ్ క్లబ్‌లో వాలంటీర్‌గా చేరాలని ఉంది. వయసు 38, ఈత అంతంతమాత్రం. తీసుకుంటారా?

జవాబు: వయసు గురించి టెన్షన్ వద్దు, అసలు చిక్కు ఈతతోనే. బీచ్‌లో ఈత కొట్టే చోటుకి గుర్తుగా పాతే జెండాల దగ్గర కాపలా కాయాలంటే బ్రాంజ్ మెడాలియన్ అనే లైఫ్‌సేవర్ సర్టిఫికెట్ ఉండాలి, దానికి 400 మీటర్లు 9 నిమిషాల్లోపు ఈదాలి, తర్వాత బీచ్‌లో 200 మీటర్ల పరుగు, 200 ఈత, మళ్లీ 200 పరుగు, మొత్తం కలిపి 8 నిమిషాల్లో అయిపోవాలి. మన చెరువుల్లో నేర్చుకున్న ఈతకి ఇది కాస్త ఎక్కువే! మనిషిని సముద్రంలోకి లాక్కెళ్లే రిప్ ప్రవాహాన్ని ఎలా గుర్తుపట్టాలో వాళ్లే నేర్పుతారు. ముందు చేరిపోండి, ప్రథమ చికిత్స లాంటివి నేర్చుకుంటూ రోజూ స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లండి. ఐదేళ్లు దాటిన పిల్లలుంటే క్లబ్‌లోని పిల్లల విభాగమైన నిప్పర్స్‌లో వేయండి, ఆ దారిలోనే క్లబ్‌లోకి వచ్చిన అమ్మానాన్నలు చాలామంది కనిపిస్తారు.