తుంటికి కీహోల్ ఆపరేషన్: చేయించుకున్నవాడిగా చెప్తున్నాను

మీ తమ్ముడికి 34 ఏళ్లేననీ, బెంగళూరులో డాక్టరు తుంటికి ఆర్థ్రోస్కోపీ (చిన్న గాట్లలోంచి కెమెరా పంపి చేసే కీహోల్ ఆపరేషన్) చేయాలన్నారనీ, ఊళ్లో అమ్మానాన్నలు 'ఈ వయసులో కీలు మార్చేస్తారా' అని కంగారుపడుతున్నారనీ రాశారు. ముందు వాళ్లకి ధైర్యం చెప్పండి. ఇందులో కీలు మార్చరు, ఉన్నదాన్నే బాగుచేస్తారు. మూడేళ్ల కిందట బెంగళూరులోనే నా కుడి తుంటికి ఇది చేశారు.

నాకు నొప్పి గజ్జల్లో వచ్చేది. మారతహళ్లి ట్రాఫిక్‌లో గంటన్నర క్యాబులో కూర్చుంటే, దిగేటప్పుడు కాలు కింద పెట్టలేకపోయేవాణ్ణి. బాసింపట్టు వేసుకుని కూర్చున్నా, సాక్సు వేసుకోబోయినా లోపల పట్టేసేది. మొదట చూపించుకున్న చోట ఎనిమిది నెలలు నడుముకే మందులిచ్చారు, బెల్టు పెట్టించారు. ఆ ఎనిమిది నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. రెండో డాక్టరు పడుకోబెట్టి, మోకాలు ఛాతీ వైపు మడిచి, తొడ లోపలికి తిప్పారు. ప్రాణం పోయినంత పనైంది. 'ఇది తుంటిదే' అన్నారాయన.

తొడ ఎముక బంతి గిన్నెలో కదిలే కీలు ఇది. నాకు బంతి మెడ దగ్గర ఎముక ఉబ్బెత్తుగా ఉంది. వంగినప్పుడల్లా అది గిన్నె అంచుకి తగిలి, అక్కడుండే లేబ్రమ్ అనే మెత్తటి రింగు చిరిగింది. ఎముకలు ఇలా రాసుకోవడాన్ని ఎఫ్‌ఏఐ (ఫెమోరోఎసిటాబ్యులర్ ఇంపింజ్‌మెంట్) అంటారు. ఈ రాపిడే తర్వాత కీలు అరిగిపోవడానికి దారి తీస్తుందని స్విట్జర్లాండ్ సర్జన్ రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో రాసింది.

మీరు జబ్బు పేరు రాయలేదు. అది తెలియకుండా ఊ అనకండి. ఏవీఎన్ అయితే దారే వేరు. అందులో బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడుతుంది. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినా, మద్యం బాగా తాగినా రావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోయినా ఎమ్మారైలో తెలుస్తుంది. బంతి కుంగకముందైతే ఎముకకి సన్నటి రంధ్రం వేసే కోర్ డీకంప్రెషన్ చేస్తారు. ఇక కీలు బాగా అరిగిపోయి ఉంటే ఆర్థ్రోస్కోపీ వల్ల పెద్దగా ఫలితం ఉండదు. 'మా తమ్ముడి కీలులో మృదులాస్థి (ఎముకల చివర్లని కప్పి ఉంచే నున్నటి పొర) ఎంత మిగిలుంది' అని సూటిగా అడగండి.

ఎఫ్‌ఏఐ అయితే ముందు మూడు నెలలు ఫిజియోథెరపీ మనసుపెట్టి చేయించండి. బ్రిటన్‌లో 348 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆపరేషన్ వాళ్లకి మేలు ఎక్కువే జరిగింది, కానీ వ్యాయామం చేసినవాళ్లూ మెరుగయ్యారు. నాకు వ్యాయామంతో తగ్గలేదు.

ఆపరేషన్‌కి పూర్తి మత్తు ఇచ్చారు. పాదాన్ని బల్లకి కట్టి లాగితే బంతి గిన్నె నుంచి కాస్త ఎడం జరుగుతుంది, ఆ సందులోంచి కెమెరా పంపుతారు. సెంటీమీటరు గాట్లు మూడు. ఉబ్బెత్తు ఎముక చెక్కి, లేబ్రమ్‌ని ఎముకకి కుట్టారు. మర్నాడే ఇంటికి పంపారు. రెండు వారాలు తొడ బయటివైపు మొద్దుబారితే హడలిపోయాను. ఇది కొంతమందికి వస్తుందనీ, ఎక్కువగా దానంతటదే తగ్గుతుందనీ తర్వాత తెలిసింది.

గాట్లు చిన్నవి కదా అని కోలుకోవడం కూడా చిన్న పనే అనుకున్నాను. నాలుగు వారాలు చంకకర్రలు వాడమంటే, నొప్పి లేదని మూడో వారంలోనే వదిలేశాను. మళ్లీ గజ్జల్లో నొప్పి మొదలై, కోలుకోవడం నెల వెనక్కి వెళ్లింది. మాది లిఫ్టు లేని మూడో అంతస్తు. అనంతపురం నుంచి అమ్మ వచ్చి ఉండకపోతే నావల్ల అయ్యేది కాదు. బ్యాడ్మింటన్ రాకెట్ పట్టింది ఏడో నెలలో.

మీ తమ్ముడి ఇంట్లో వెస్టర్న్ టాయిలెట్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఎమ్మారై రిపోర్టులో చివరి పేరా, పేరు తీసేసి, ఇక్కడ పెట్టండి. డాక్టర్ని ఏమేం అడగాలో నాకు తెలిసినంత రాస్తాను.