ఒడియా రాని గుంటడు, ఒడియా ఫారాలు

ప్రశ్న: మాస్టారూ, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఆంధ్రావైపు పాతపట్నం నుంచి పనికొచ్చే గుంటడికి ఒడియా ఒక్క ముక్క రాదు. ఏ గడిలో ఏది ఎక్కించాలో నేను రాసిచ్చిన కాగితం చూసుకుని, అక్షరాల ఆకారాలు పోల్చి ఇన్‌కం సర్టిఫికెట్ ఫారాలు నింపేస్తాడు. వచ్చినవాళ్లు వాడికి ఒడియా వచ్చనే అనుకుంటారు. మనసు కూడా కంప్యూటర్ లాంటిదేనని చదివాను. అంటే మన బుర్రలో జరిగేదీ ఇంతేనా?

జవాబు: మీ గుంటడి లాంటి మనిషిని 1980లోనే అమెరికా తత్వవేత్త జాన్ సెర్ల్ ఊహించాడు. కాకపోతే ఆయన చైనీస్ పెట్టుకున్నాడు. చైనీస్ రానివాడొకడు గదిలో కూర్చుని, నియమాల పుస్తకం చూసి, లోపలికొచ్చిన గుర్తులకు తగిన గుర్తులు బయటికి పంపుతుంటాడు. బయటివాళ్లకు అవి చక్కటి జవాబులు. వాడికి ఒక్కటీ అర్థం కాదు. కాబట్టి ప్రోగ్రాం నడిచినంత మాత్రాన అర్థమైనట్టు కాదన్నాడు. మనిషీ పుస్తకమూ గదీ కలిపి చూస్తే చైనీస్ వచ్చినట్టే కదా అని కొందరు అడ్డుపడ్డారు. సరే, పుస్తకమంతా వాడిచేత బట్టీ పట్టించండి, అప్పుడైనా వస్తుందా అన్నాడు సెర్ల్. ఇక్కడిదాకా నాదీ ఆయన పక్షమే.

అలాగని మనసు కంప్యూటర్ లాంటిదేననే ఎదుటివాళ్లను తీసిపారేయలేం. ఆలోచనకు లోపల వేరే భాష ఉందని అమెరికా తత్వవేత్త జెర్రీ ఫోడర్ 1975లో వాదించాడు. 1988లో జెనాన్ పిలిషిన్‌తో కలిసి గట్టి కారణమే చూపించాడు. 'అత్త కోడల్ని తిట్టింది' అని అనుకోగలిగినవాడు 'కోడలు అత్తను తిట్టింది' అనీ అనుకోగలడు. మొదటిది తెలిసి రెండోది తెలియని మనిషిని నేనైతే చూడలేదు. ముక్కలను అటూ ఇటూ మార్చి కూర్చే ఏర్పాటు బుర్రలో ఉండబట్టే ఇది సాధ్యమంటారు వాళ్లు.

మరి ఆ ముక్కలకు అర్థం ఎక్కడిది? బయటి వస్తువులతో ఉండే కార్యకారణ సంబంధం వల్లనే అన్నాడు ఫోడర్. ఆవును చూస్తే లోపల లేచే గుర్తు, ఆవు గుర్తు. చీకట్లో గుర్రాన్ని చూసినా అదే గుర్తు లేస్తే, అప్పుడది ఆవుదా, గుర్రానిదా? ఈ చిక్కుతో ఆయన చాలాకాలం కుస్తీ పట్టాడు.

సెర్ల్‌ని కూడా అడిగారు, ఆ ప్రోగ్రాంకి కెమెరా, కాళ్లు తగిలించి ఊళ్లోకి వదిలితే ఏమంటావని. కెమెరా పంపేవీ ఉత్త గుర్తులేగా అన్నాడు. ఇక్కడే ఆయన తొందరపడ్డాడని నాకనిపిస్తుంది. మీ గుంటణ్ని కొన్నాళ్లు తహసీల్ ఆఫీసుకు తిప్పండి. ఏ గడి తప్పితే ఫారం వెనక్కొస్తుందో, ఏ కాగితం చూపిస్తే పిల్లాడికి స్కాలర్‌షిప్ వస్తుందో కళ్లారా చూశాక కూడా వాడికి అవి ఉత్త ఆకారాలేనా? ఒడియా రావడం అక్కడే మొదలవుతుందంటాను. రోబోకూ అలా తిరిగే వీలుంటే, దానికి మాత్రం ఎప్పటికీ అర్థం కాదనడానికి నా దగ్గర కారణం లేదు.