పెళ్లిబట్టలు విప్పేసిన పక్షులు

ప్రశ్న: పోయిన వారం మొదటిసారి చిత్తడి నేలల పక్షుల కేంద్రానికి వెళ్లానండి, శరదృతువులో వలస పక్షులు బాగా దిగుతాయంటే ఆశపడి తెల్లారకుండానే వెళ్లి కూర్చున్నా. తీరా చూస్తే ఉల్లంకి పిట్టలన్నీ (బురదలో ముక్కుతో పొడుచుకు తినేవి) ఒకటే బూడిదరంగు, బాతులైతే అన్నీ ఆడవే, మగది ఒక్కటీ లేదు! పుస్తకంలో బొమ్మలకీ వీటికీ పోలికే లేదు. నావి 8×42 బైనాక్యులర్స్ (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు), మార్చెయ్యాలా?

జవాబు: అయ్యో, వాటి జోలికి పోకండి, 8×42 ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఇంకా పెద్దవి కొంటే చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది, అంతే. చిక్కంతా పుస్తకంతోనే, అందులో పెద్దగా వేసే బొమ్మ జతకట్టే కాలం నాటిది, అంటే పెళ్లిఫోటో పట్టుకుని ఇంట్లో లుంగీ మీదున్న మనిషిని వెతుకుతున్నారన్నమాట.

మగబాతులు అక్కడే ఉన్నాయండి. జతకట్టే కాలం అయ్యాక రంగు ఈకలు రాల్చేసి ఆడవాటి వేషంలోకి దిగుతాయి, రెక్కల ఈకలు కూడా ఒక్కసారే ఊడిపోతాయి కాబట్టి మూడు నాలుగు వారాలు ఎగరనే లేవు, అలాంటప్పుడు మెరిసిపోతూ తిరిగితే గద్దని భోజనానికి పిలిచినట్టే కదా. మళ్లీ రంగు రావడానికి టైమ్ పడుతుంది. ఈలోపు ముక్కు చూడండి, మల్లార్డ్ అనే బాతులో మగదానికి పసుప్పచ్చగా ఉంటుంది, ఆడదానికి నారింజ మీద నల్లమరకలు.

ఉల్లంకులకి రంగు మర్చిపోయి ముక్కు, కాళ్లు, తిండి తినే పద్ధతి పట్టుకోండి. కర్లూ ముక్కు కిందకి వంగుతుంది, గాడ్‌విట్‌ది తిన్నగానో కొంచెం పైకి లేచో ఉంటుంది. పిచ్చుకంత స్టింట్‌లలో లిటిల్ స్టింట్‌కి నల్లకాళ్లు, ఒక్కచోట నిలవదు, పరిగెడుతూ టకటకా పొడుస్తుంది, టెమ్మింక్ స్టింట్‌కి పచ్చపసుపు కాళ్లు, గడ్డి అంచున వంగి మెల్లగా పాకినట్టు నడుస్తుంది. కాకపోతే బురద అంటితే పసుపు కాళ్లూ నల్లగానే కనపడతాయి, నేను ఓ పూటంతా ఇలాగే మోసపోయా, చివరికి అది నీళ్లలోకి దిగి కాళ్లు కడుక్కుంటే గానీ తెలీలేదు!

వీపు మీద చేప పొలుసుల్లా ఒక్కో ఈకకీ తెల్లంచు ఉందనుకోండి, అది చాలావరకు ఈ ఏడాది పిల్లే. చాలా జాతుల్లో పెద్దవి ముందే వెళ్లిపోతాయి, పిల్లలు తర్వాత సొంతంగా దారి పట్టుకుని వస్తాయి. 2022లో, ఎక్కడుందో తెలిపే ట్యాగ్ కట్టిన ఒక బార్-టెయిల్డ్ గాడ్‌విట్ పిల్ల, వయసు 5 నెలలే, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవికి 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా ఎగిరింది. మీరు విసుక్కున్న బూడిదరంగు గుంపులో అలాంటి ప్రయాణం చేసొచ్చినవి ఎన్నున్నాయో!

ఈసారి ఎండ మీ వీపుకి ఉండేలా కూర్చోండి, లేకపోతే అన్నీ నల్లనీడలే. ఒక్క పిట్టనే పావుగంట చూసి ముక్కు బొమ్మ గీయండి, వంకరగా వచ్చినా పర్లేదు, కాళ్ల రంగు రాసి పంపితే పేరు నేను చెప్తా.